బోరు వాల్వు తిప్పమన్నదెవరు? ఇద్దరు పట్టణాధికారుల పనిని పక్కపక్కన పెట్టి చూసిన ఒక కేసు

మున్సిపల్ ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడం నా పని. ఆ పనిలో భాగంగా మన రాష్ట్రంలోని ఒక మున్సిపల్ కమిషనర్‌ను, అమెరికాలోని ఒక చిన్న పట్టణపు సిటీ మేనేజర్‌ను జత కలిపి, ఒకరి ఆఫీసులో ఒకరు కొన్నాళ్లు కూర్చుని పని చూసుకునే కార్యక్రమాన్ని దగ్గరుండి నడిపించాను. ఇలాంటి వాటి మీద రిపోర్టులకు కొదవ లేదు. శాలువాలు, గ్రూప్ ఫొటో, చివర్లో ‘ఎన్నో విషయాలు నేర్చుకున్నాం’ అనే వాక్యం తప్ప వాటిలో ఏముంటుందో నాకైతే గుర్తుండదు. ఈసారి పోలిక రెండుసార్లు చతికిలపడి మూడోసారి పనిచేసింది. పనిచేశాక కూడా దాన్నుంచి తీసుకున్న మంచి పద్ధతి ఊళ్లో బెడిసికొట్టింది. ఎందుకలా అయిందన్నది మిగతా కమిషనర్లకు, శిక్షకులకు పనికొస్తుందని రాస్తున్నాను.

పట్టణం పూర్వపు నల్లగొండ జిల్లాలోది. అంతకుమించి ఆనవాళ్లు ఇవ్వను, మనుషుల వివరాలు కూడా మార్చాను. అవతలి పట్టణం కాలిఫోర్నియాలోది. రాష్ట్రం పేరు చెప్పకపోతే అక్కడి చట్టాల గురించి మాట్లాడలేను కాబట్టి ఆ ఒక్కటీ చెబుతున్నాను.

నేపథ్యం

మన దగ్గర కమిషనర్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. వార్డు కౌన్సిలర్లను జనం ఎన్నుకుంటారు, చైర్‌పర్సన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. కమిషనర్ ఎవరన్నది మాత్రం హైదరాబాద్‌లో తేలుతుంది, బదిలీ ఆర్డరూ అక్కడి నుంచే వస్తుంది. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం కలెక్టర్‌కు గట్టి అధికారాలే ఇచ్చింది. 2020లో స్థానిక సంస్థల కోసమే అదనపు కలెక్టర్ పోస్టు వచ్చింది. దాంతో చిన్న పట్టణపు కమిషనర్ కౌన్సిల్ హాల్లో ఒక లెక్క, కలెక్టరేట్‌లో ఇంకో లెక్క, రాష్ట్ర పురపాలక శాఖ కమిషనర్ (సీడీఎంఏ) టెలీకాన్ఫరెన్స్‌లో మూడో లెక్క చెప్పాలి. ఎమ్మెల్యే ఫోన్ వీటిలో దేనికీ చెందదు.

కాలిఫోర్నియా చిన్న పట్టణాల్లో ఎక్కువ చోట్ల కౌన్సిల్ అంటే ఐదుగురు. సిటీ మేనేజర్‌ను కాంట్రాక్టు మీద పెట్టుకునేది ఆ ఐదుగురే. మూడు ఓట్లతో వస్తాడు, మూడు ఓట్లతో పోతాడు. మేయర్ పదవి చాలా చోట్ల సభ్యుల మధ్య వంతులవారీగా తిరుగుతుంది, రోజువారీ పాలన మేనేజర్ చేతిలో ఉంటుంది. 1913లో వరద ముంచెత్తాక ఒహాయోలోని డేటన్ నగరం మరుసటి ఏడాది ఈ పద్ధతికి మారింది. తర్వాత అది దేశమంతా పాకింది.

మన రాజ్యాంగంలో 74వ సవరణ తర్వాత మున్సిపాలిటీలకు ఒక భాగమే ఉంది, పన్నెండో షెడ్యూల్లో 18 పనుల జాబితా కూడా ఉంది. అమెరికా రాజ్యాంగంలో పట్టణాల ఊసే లేదు. అయినా చేతిలో ఎక్కువ వెసులుబాటు ఉన్నది అక్కడి మేనేజర్‌కే. మా కమిషనర్ మేడం ఈ మాట మొదట్లోనే పట్టుకున్నారు, చాలా రోజులు వదల్లేదు.

అసలు సమస్య: పప్పు ఉడకని నీళ్లు

ఈ పట్టణానికి తాగునీరు కృష్ణా నుంచి వస్తుంది. మిషన్ భగీరథ లైను ఊరి ట్యాంకు దాకా నీళ్లు తెచ్చి ఇస్తుంది. ట్యాంకు నుంచి నల్లా దాకా మున్సిపాలిటీ చూసుకోవాలి. అంతకుముందు ఊరంతా బోర్ల మీదే బతికింది, నల్లగొండ బోరు నీళ్ల సంగతి తెలిసిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడని ఫ్లోరైడ్ జిల్లా పడమటి మండలాల్లో దానికి కొన్ని రెట్లు ఉండేది. కాళ్లు వంకరపోయినవాళ్లు, మెడ తిప్పలేనివాళ్లు ఇప్పటికీ ఆ ఊళ్లలో కనబడతారు. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఊరి పేరు శాస్త్రానికి ఎక్కిందని సంబరపడే సందర్భం కాదది.

కృష్ణా నీళ్లు వచ్చాక పాత బోర్లను మూసేయలేదు. ఆ నిర్ణయాన్ని తప్పు పట్టను. పెద్ద లైను పగిలినా, పంపుల దగ్గర కరెంటు పోయినా పట్టణం ఎండిపోకూడదు కదా. అయితే ఆ బోర్ల పైపులు పోయి కలిసేది అదే ఓవర్‌హెడ్ ట్యాంకులో. లైను రిపేరు వచ్చిన రోజు బోరు నీళ్లు ట్యాంకు ఎక్కి, అదే నల్లాలో వస్తాయి. ఇంట్లో బిందె పట్టుకున్న మనిషికి ఇవి ఏ నీళ్లో తెలిసే దారి లేదు. పప్పు ఉడక్కపోతేనో, చాయ్ రుచి మారితేనో తెలుస్తుంది.

ఫిర్యాదులు వచ్చేవి. ‘నీళ్లు మారినయి’ అని వార్డు ఆఫీసర్‌కు చెప్పేవారు, కొందరు సోమవారం కలెక్టరేట్ ప్రజావాణి దాకా వెళ్లేవారు. ఆఫీసు రికార్డులో మాత్రం ప్రతి ఫిర్యాదూ ఒకేలా ముగిసేది: ‘సదరు వార్డుకు నీటి సరఫరా జరిగినది, సమస్య పరిష్కరించబడినది.’ సరఫరా జరిగిన మాట నిజమే. జనం అడిగింది అది కాదు.

మార్పిడి కార్యక్రమం మొదలయ్యేటప్పుడు ఈ సంగతి ఎవరి జాబితాలోనూ లేదు. మేడం రాసిచ్చిన అంశాలు ఆస్తిపన్ను, చెత్త, పార్కులు. అతిథి, అంటే కాలిఫోర్నియా సిటీ మేనేజర్, రాసినవి బడ్జెట్, ప్రజల భాగస్వామ్యం.

మొదట చేసింది: పదవికి పదవి

తొలి విడతలో మేడం కాలిఫోర్నియా వెళ్లారు. ఇద్దరి చేతా ఒక పట్టిక నింపించాం. నియామకం, అధికారాలు, సిబ్బంది, ఆదాయం, చట్టం, పై అధికారి, ఇలా వరసలు. శిక్షణ సంస్థలకు ఇది ఇష్టమైన పద్ధతి, ఎందుకంటే చివర్లో స్లైడ్లు చక్కగా వస్తాయి. పనిలో పనిగా ఇద్దరికీ ఒకరి వ్యవస్థ ఒకరికి పరిచయమవుతుందని నేనూ ఒప్పుకున్నాను.

పరిచయమైతే అయింది. పట్టిక నిండాక మాత్రం ఇద్దరూ ముందు అనుకున్నదే మళ్లీ అన్నారు. మేడం మాట: ‘వాళ్లకు అధికారం ఉంది, డబ్బు ఉంది, వాళ్లతో మనకు పోలికేంటి సార్?’ అతిథి మాట: ‘మీకు ఎంతమంది సిబ్బంది! ఇంతమంది ఉంటే నేను ఏమైనా చేస్తాను.’ ఆ సిబ్బందిలో సగానికి పైగా ఔట్‌సోర్సింగ్ అని, పట్టికలో ఆ గడి లేదని ఆయనకు ఎలా తెలుస్తుంది?

పదవులను పోలిస్తే తేడాలే పైకి తేలతాయి. ప్రతి తేడా ఒక సాకుగా మారుతుంది. మేడం గట్టి అధికారి, సాకులు వెతికే మనిషి కాదు. అయినా ఆ పట్టిక ఆమె చేతికి సాకులే ఇచ్చింది. దాన్ని పక్కన పెడదామన్నాను.

తర్వాత చేసింది: డైరీ

ఒక పనిరోజు గంట గంటకూ ఏం చేశారో ఇద్దరూ రాశారు. ఇది పట్టిక కంటే మేలు. మేడం రోజు పొద్దున్నే పారిశుధ్య హాజరు ఫొటోలతో మొదలైంది. టెలీకాన్ఫరెన్స్, ఆస్తిపన్ను టార్గెట్, ఒక మంత్రి పర్యటన ప్రోటోకాల్, నర్సరీ తనిఖీ, కోర్టు కేసు కౌంటర్ సంతకం, సాయంత్రం మళ్లీ ఫొటోలు. ఏప్రిల్ నెల కావడంతో ముందుగా పన్ను కట్టేవారికిచ్చే 5 శాతం రాయితీ హడావుడి అదనం. అవతల ఆయన రోజులో ఎక్కువ భాగం కౌన్సిల్ ఎజెండాకు పోయింది. ఒక్కో అంశానికీ సిబ్బంది నివేదిక, దాన్ని లాయర్ చూడడం, ఖర్చు లెక్క, సిఫారసు. మధ్యాహ్నం యూనియన్‌తో జీతాల చర్చ.

డైరీలు చదివి మేడం చాలాసేపు నవ్వారు: ‘ఆయన మీటింగ్‌కు తయారవుతున్నడు, నేను మీటింగ్‌ల నుంచి తప్పించుకునే తోవ వెతుకుతున్న.’ ఇద్దరి టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుందో డైరీ చూపించింది. ఆ టెన్షన్‌లో ఎవరు ఏ నిర్ణయం ఎందుకు తీసుకుంటారన్నది మాత్రం చెప్పలేదు. పని ఎంత ఉందో తెలిస్తే సానుభూతి కలుగుతుంది, అంతే.

మలుపు: తెల్లవారుజామున వాల్వు దగ్గర

రెండో విడతలో అతిథి మన దగ్గరికి వచ్చారు. ఊళ్లో నీళ్లు ఎలా వదులుతారో చూస్తానన్నారు. వాళ్ల ఊళ్లో నీళ్లు వదలడం అనే పనే ఉండదు, పైపులో ఇరవై నాలుగు గంటలూ ప్రెషర్ ఉంటుంది. కాబట్టి ఇంకా వెలుగు రాకముందే వాల్వులు తిప్పే ఉద్యోగి వెంట బయల్దేరాం.

ఆ ఉద్యోగిది ఏజెన్సీ ద్వారా వచ్చే జీతం. మోరీ పక్కన ఛాంబర్ మూత లేపి, మోచేతి పొడవు గుంతలోకి ఇనుప కీ దించి, పెదాలు కదుపుతూ చుట్లు లెక్కబెట్టాడు. ఏ గల్లీకి ఎన్ని చుట్లు తిప్పితే చివరి ఇంటికి నీళ్లెక్కుతాయో కాగితం మీద ఎక్కడా లేదు, అంతా అతని నోటి లెక్కే. అతిథి ఆ కీ తీసుకుని తిప్పబోయారు. కదల్లేదు. ‘ముందు కొంచెం వెనక్కి తిప్పాలె సార్, తర్వాత ముందుకు’ అన్నాడు అతను.

పంపుహౌస్ దగ్గర అతిథి అడిగిన ప్రశ్న: ‘ఈరోజు ఫ్లోరైడ్ ఎంత?’ మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) తడుముకున్నారు. మాటల్లో మాటగా తెలిసింది, అమెరికాలో చాలా చోట్ల పళ్లు పుచ్చకుండా నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతారని, సిఫారసు చేసిన మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములని. ఏఈకి నవ్వు ఆగలేదు. ‘ఇక్కడ దాన్ని తీసెయ్యలేక చస్తున్నం, వీళ్లు కొనుక్కొచ్చి కలుపుతున్నరా సార్?’

నవ్వులయ్యాక అతిథి ఇంకో ప్రశ్న వేశారు: ‘కృష్ణా ఆగిన రోజు బోరు తెరవమని ఎవరు చెబుతారు?’ ఏఈ, కమిషనర్ మేడం ఇద్దరూ ఒకేసారి ‘ఏఈ’ అన్నారు. వాల్వు ఉద్యోగి తల వంచుకుని కీ తుడుస్తున్నాడు. దారిలో విడిగా అడిగితే చెప్పాడు: ‘నీళ్లు రాకపోతే నాలుగింటికే కౌన్సిలర్ సార్లు ఫోన్ చేస్తరు. ఏఈ సార్ అప్పుడు లేవడు గద. ఎవరు ముందు చేస్తే వాళ్ల మాట మీద తిప్పుత.’

మేము పట్టికలో రాసుకున్న పదవుల్లో ఏ ఒక్కటీ ఈ నిర్ణయం తీసుకోవడం లేదు. ఊరి జనం ఏ నీళ్లు తాగాలో తేలుస్తున్నది తెల్లవారుజాము నాలుగు గంటల ఫోన్.

ఒకే నిర్ణయం, రెండు కాగితాలు

అప్పుడు కసరత్తు మార్చాం. ఇద్దరికీ ఒకే సందర్భం ఇచ్చాను: ‘ప్రధాన లైను పగిలింది, రెండు రోజులు పడుతుంది. పాత బోరు ఉంది, దాని నీళ్లలో ఫ్లోరైడ్ పరిమితికి మించి ఉంది. ఏం చేస్తారు? ఎవరిని అడుగుతారు? ఎవరికి చెబుతారు? తప్పు జరిగితే మీకేమవుతుంది?’ ఒకరిది ఒకరు చూడకుండా రాయమన్నాను. చివరి ప్రశ్న కావాలని పెట్టిందే. అధికారి ఎందుకలా చేస్తాడో తెలియాలంటే దేనికి భయపడతాడో తెలియాలి.

అతిథి కాగితం: అక్కడ ఏ నీటి వనరు వాడాలో రాష్ట్ర జల నియంత్రణ బోర్డు ఇచ్చిన పర్మిట్‌లో ఉంటుంది. అత్యవసరానికి ఉంచుకున్న బోరును వరుసగా 5 రోజులకు మించి వాడకూడదు, ఏడాది మొత్తం మీద 15 రోజుల లోపే వాడాలి. వాడితే బోర్డుకు చెప్పాలి, జనానికి చెప్పాలి. ప్రాణం మీదికి వచ్చే కాలుష్యమైతే 24 గంటల్లో నోటీసు ఇవ్వాలి. వాల్వు తిప్పే ఆపరేటర్‌కు అతని పేరు మీదే రాష్ట్ర సర్టిఫికెట్ ఉంటుంది, తప్పుడు లెక్క రాస్తే అది పోతుంది. మేనేజర్ భయమల్లా జరిమానా, కోర్టు దావా, ఆ తర్వాత మూడు ఓట్లు.

మేడం కాగితం: బోరు వదులుతాను. ట్యాంకర్లు పంపుతాను. జనానికి చెప్పడం గురించి ఆమె రాసి కొట్టేశారు. తప్పు జరిగితే అన్న చోట నిజాయితీగా రాశారు: ‘కలుషిత నీరు ఇచ్చినందుకు ఎవరూ నన్ను అడగకపోవచ్చు. నీళ్లు రాలేదంటే మాత్రం ఆ పూటే అడుగుతారు.’

ఈ ఒక్క వాక్యం కోసమే కార్యక్రమం నడిచిందని నేననుకుంటాను. మన దగ్గర శిక్ష పడేది ఖాళీ నల్లాకు. అక్కడ శిక్ష పడేది దాచినందుకు. ఇద్దరు అధికారులూ ఎవరి శిక్షను వాళ్లు తప్పించుకుంటున్నారు, తెలివిగానే.

ఆ రాత్రి జొన్నరొట్టెల దగ్గర చర్చ పెద్దదైంది. కమిషనర్‌ను కౌన్సిలే పెట్టుకుంటే అన్నీ సర్దుకుంటాయని మేడం వాదన. అతిథి బెల్ పట్టణం సంగతి చెప్పారు. లాస్ ఏంజెల్స్ దగ్గరున్న ఆ చిన్న పేద పట్టణంలో సిటీ మేనేజర్ రాబర్ట్ రిజ్జో ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్ల జీతం తీసుకుంటున్నాడని 2010లో పత్రికలో వచ్చింది. కౌన్సిల్ సభ్యులూ అందులో భాగస్వాములే. అతనికి 2014లో 12 ఏళ్ల జైలుశిక్ష పడింది. పైనుంచి పంపినవాడైతే మేలా అంటే, మిషిగన్‌లోని ఫ్లింట్ ఉదాహరణ ఉంది. అక్కడ గవర్నర్ నియమించిన ఎమర్జెన్సీ మేనేజర్ హయాంలో 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించడానికి నీటి వనరు మార్చారు. నీళ్లు పైపులను తినేయకుండా వేయాల్సిన మందు వేయలేదు, సీసం జనం నల్లాల్లోకి వచ్చింది. జనం నీళ్లు మారాయని సీసాలు పట్టుకుని వచ్చినా, బాగానే ఉన్నాయని చెప్పారు. ఈ మాట విన్నాక మేడం తన ఆఫీసు ఫిర్యాదుల రిజిస్టర్ తెప్పించుకుని చూశారు.

ఎవరు నియమిస్తారన్నది ముఖ్యం కాదని నేననను. కానీ అది ఒక్కటే తేలిస్తే సరిపోదని ఈ రెండు పట్టణాలూ చెబుతున్నాయి.

బెడిసికొట్టిన నోటీసు

అతిథి ఇంకా ఇక్కడ ఉండగానే లైను ఒకసారి ఆగింది. మేడం వాళ్ల పద్ధతి అమలు చేద్దామన్నారు. బోరు నీళ్లు వస్తున్నాయని, ఫ్లోరైడ్ ఇంత ఉందని, తాగవద్దని వార్డుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించారు. నేను వద్దనలేదు. అమలు చేసి చూస్తేనే తెలుస్తుందనుకున్నాను.

మధ్యాహ్నానికల్లా వాటర్ ప్లాంట్ల ముందు క్యాన్లతో లైన్లు. ఇరవై లీటర్ల క్యాన్ రేటు పెరిగింది. మున్సిపాలిటీ విషపు నీళ్లు తాగిస్తోందని మెసేజ్ ఊరంతా తిరిగింది. కౌన్సిలర్లు మీద పడ్డారు: ‘మన పరువు మనమే తీసుకుంటమా మేడం?’ పై ఆఫీసు నుంచి వివరణ అడిగారు. అడిగింది బోరు ఎందుకు తెరిచారని కాదు, మెసేజ్ ఎందుకు పెట్టారని.

కాలిఫోర్నియాలో నోటీసు చట్టం చెప్పిన పని. అందరూ ఇస్తారు, ఏటా జులై 1 లోపు నీటి నాణ్యత నివేదిక ప్రతి వినియోగదారుకూ అందాలి. అలవాటైన చోట నోటీసు ఒక మామూలు కాగితం, పైగా మేనేజర్‌కు అది రక్షణ. ఇక్కడ ఒక్క కమిషనర్, ఒక్క రోజు, తనంతట తాను చెబితే అది నేరం ఒప్పుకున్నట్టు వినబడింది. నోటీసును మాత్రం తెచ్చుకున్నాం, అక్కడ దాన్ని ఇచ్చినవాడికి ఉన్న కాపుదల ఇక్కడ లేదు. అతిథి నొచ్చుకున్నారు. మేడం మాత్రం కుదురుగానే ఉన్నారు. ‘చెప్పడం ఆపను, నేను ఒక్కదాన్నే చెప్పడం ఆపుతా’ అన్నారు.

పనిచేసింది

మొదట వాల్వు ఉద్యోగి దగ్గర మొదలుపెట్టాం. ఏ రోజు, ఏ టైముకు, ఏ బోరు తెరిచాడో రాసే రిజిస్టర్ పెడదామంటే అతను బెంబేలెత్తాడు: ‘నేను సంతకం పెడితే రేపు నా మీదికే వస్తది సార్. నా ఏజెన్సీ నౌకరి.’ నిజం. అక్కడి ఆపరేటర్ సంతకం వెనక సర్టిఫికెట్, యూనియన్, చట్టం ఉన్నాయి. ఇతని సంతకం వెనక ఎవరూ లేరు. అందుకే రిజిస్టర్‌లో మొదటి గడి మార్చాం. తెరిచినవాడి పేరు కంటే ముందు ‘ఎవరు చెప్పారు’ అనే గడి పెట్టాం. ఫోన్ చేసిన వాళ్ల పేరు అందులో రాయాలి, పొద్దున ఏఈ దాని కింద సంతకం పెట్టాలి. కొద్ది వారాల్లో నాలుగింటి ఫోన్లు తగ్గాయి. పేరు రాస్తాడని తెలిశాక కౌన్సిలర్లు నేరుగా ఏఈకి చేయడం మొదలుపెట్టారు. ఏఈ నిద్ర పాడైంది, అది వేరే సంగతి.

రెండోది పైపుల పని. పెద్ద ఖర్చేమీ కాదు. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న బోర్లను ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి విడదీసి, గల్లీల్లో ఉన్న ప్లాస్టిక్ ట్యాంకులకు మాత్రమే కలిపారు. ఆ ట్యాంకుల కుళాయిలకు ఎర్ర రంగు వేశారు. ఫ్లోరైడ్ బోరింగుకు ఎర్ర రంగు వేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు, ముసలివాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. చెత్త ఆటో మైకులో రికార్డు చేసిన రెండు వాక్యాలు వేశారు: ‘ఈ పూట కృష్ణా నీళ్లు రావు. ఎర్ర నల్లా నీళ్లు వాడకానికే, తాగే నీళ్లకు ట్యాంకర్ వస్తది.’ అంకెలు లేవు, సంజాయిషీ లేదు. అంకెలు కావాలన్న వాళ్ల కోసం పరీక్ష ఫలితం వార్డు ఆఫీసు గోడ మీద అంటించారు. ప్లాంట్ల ముందు లైన్లు మళ్లీ కనబడలేదు.

మూడోదానికి వాదన ఎక్కువ పట్టింది. నీటి వనరు మార్పును కమిషనర్ సొంత ప్రకటనగా కాక కౌన్సిల్ తీర్మానంగా చేయాలి. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం సాధారణ సమావేశపు ఎజెండాను 72 గంటల ముందు బహిరంగంగా పెట్టాలి, ఎజెండాలో లేని దాని మీద నిర్ణయం తీసుకోకూడదు. మేడం అందులోంచి ఒక్క ముక్క తీసుకున్నారు. ప్రతి కౌన్సిల్ మీటింగ్‌లో ‘గత నెల బోరు వాడకం’ అనే అంశం శాశ్వతంగా ఉండాలి, ఎజెండా మూడు రోజుల ముందు రేషన్ షాపుల దగ్గర అంటించాలి. చైర్‌పర్సన్ మొదట ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకోవడానికి కారణం ఆదర్శమేమీ కాదు. రిజిస్టర్‌లో ప్రతిపక్ష కౌన్సిలర్ల పేర్లు కూడా ఉన్నాయని ఆయనకు తెలిసింది. నాకు దానితో పేచీ లేదు, తీర్మానం తీర్మానమే.

వార్డు కమిటీల ద్వారా చేద్దామన్న ఆలోచన వదిలేశాం. చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది. కాగితం మీద అరవై మంది ఉన్నారు, పిలిస్తే టీకి కూడా సరిపడా రాలేదు.

అవతలి వైపు

మార్పిడి అంటే మనమే నేర్చుకోవడం అని ఇక్కడ చాలామంది అనుకుంటారు. అతిథి పట్టుకెళ్లింది ప్రజావాణి. కలెక్టరేట్ హాల్లో అన్ని శాఖల అధికారులు ఒకచోట కూర్చోవడం, అర్జీ పట్టుకున్న ముసలమ్మ నేరుగా వచ్చి ఎదురుగా నిలబడడం ఆయన సాయంత్రం దాకా చూశారు. వాళ్ల కౌన్సిల్ మీటింగ్‌లో పౌరుడికి దొరికేది సాధారణంగా మూడు నిమిషాలు. ఎజెండాలో లేని విషయమైతే సభ్యులు చర్చకు దిగడానికి చట్టం ఒప్పుకోదు, అధికారులకు అప్పగించి ఊరుకోవాలి. దాంతో జనం గోడతో మాట్లాడినట్టు వెళ్లిపోతారని ఆయన ఎప్పటినుంచో బాధపడుతున్నారట. తిరిగి వెళ్లాక శాఖాధిపతులందరినీ నెలకొకసారి లైబ్రరీలో బల్లలు వేసి కూర్చోబెట్టారు. మొదట్లో ఎవరూ రాలేదు. నీటి బిల్లుల బల్లను తలుపు దగ్గరికి జరిపాక వచ్చారు.

నీటి బిల్లు దగ్గరే ఇంకో సంగతి. అక్కడ 1996లో ఓటర్లు ఆమోదించిన 218వ ప్రతిపాదన ప్రకారం నీటి రేటు పెంచాలంటే 45 రోజుల ముందు ఇంటింటికీ నోటీసు వెళ్లాలి, సగానికి పైగా రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే పెంపు ఆగిపోతుంది. మేడం ఇది విని ఇక్కడ నల్లా బిల్లు ఎప్పుడు పెంచారో వెతికించారు. ఫైలు దొరకలేదు.

తర్వాత

2025 జనవరిలో పాలకవర్గాల గడువు ముగిసింది, ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. కౌన్సిల్ మీటింగే లేనప్పుడు ఎజెండా ఎక్కడిది? శాశ్వత అంశం ఆ నెల నుంచే ఆగిపోయింది, రేషన్ షాపు గోడ మీద ఎజెండా బదులు కోచింగ్ సెంటర్ పోస్టర్ వచ్చింది. మేడంకు బదిలీ అయింది. నేను బలంగా నిలుస్తుందనుకున్నది ఈ తీర్మానమే, ముందుగా పోయింది కూడా ఇదే. విడదీసిన పైపులను మళ్లీ కలపాలంటే డబ్బు, మనుషులు కావాలి కాబట్టి అవి అలాగే ఉన్నాయి. ఎర్ర కుళాయిలూ ఉన్నాయి, రంగు కొన్నిచోట్ల వెలిసింది.

కొత్త కార్యక్రమాల్లో పదవుల పట్టిక ఇప్పుడు చివరి రోజుకు జరిపాను. మొదటి రోజు ఇద్దరి చేతికీ ఒకే సందర్భం, నాలుగు ప్రశ్నలు ఇస్తున్నాను. ఆ సందర్భం ఊరి ఫిర్యాదుల రిజిస్టర్‌లోంచే తీయాలి, అదీ ‘పరిష్కరించబడినది’ అని రాసిన వాటిలోంచి. ఏఈ స్థాయి వరకే ఆగకుండా, ఆ పని చేత్తో చేసే మనిషిని ఎవరూ లేనప్పుడు అడగడం కూడా కార్యక్రమంలో భాగం చేశాను. ఒక వ్యక్తి చేతిలో ఉన్న పద్ధతి ఏది, పైపులో ఉన్నది ఏది, రిజిస్టర్‌లో ఉన్నది ఏది అని ముగింపు రోజున విడివిడిగా రాయిస్తున్నాను. మనిషి బదిలీ అయితే ఏది పోతుందో అప్పుడే తెలుస్తుంది.

వాల్వు రిజిస్టర్ మాత్రం నడుస్తోంది. కొత్తగా వచ్చిన కమిషనర్ దాన్ని చూసి, మొదటి గడి పక్కన ఫోన్ చేసిన టైము కూడా రాయమన్నారట.